దీవి అడిగే లెక్క

విశాఖ రేవు నుంచి అండమాన్‌కు వెళ్లే ఓడలో సరదా ప్రయాణికులు తక్కువ, ఇంటికి పోయేవాళ్లు ఎక్కువ. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి ఒకటి రెండు తరాల కిందట వలస వెళ్లి, పెళ్లికో కర్మకో అమ్మవారి పండగకో సొంతూరు వచ్చి తిరిగి వెళ్తున్న కుటుంబాలతో బంక్ క్లాసు నిండిపోయి ఉంటుంది. పడకల కింద బియ్యం మూటలు, ఆవకాయ డబ్బాలు, కొత్త వలల కట్టలు. 2011 జనగణన ప్రకారం అండమాన్ నికోబార్ జనాభాలో సుమారు 13 శాతం మందికి తెలుగే మాతృభాష. ఆ కుటుంబాల మధ్య, నోటుబుక్కులూ కొలత టేపులూ సర్దుకున్న మా డిగ్రీ, పీజీ విద్యార్థులు. దీవుల జీవావరణాన్ని, దాని సంరక్షణను అక్కడే ఉండి నేర్చుకునే కోర్సు అది. జంతుశాస్త్రం చెప్పే అధ్యాపకుడిగా నేనూ వాళ్ల వెంట ఉన్నాను.

విమానమైతే కొన్ని గంటల్లో దించేస్తుంది. ఓడకు వాతావరణాన్ని బట్టి రెండున్నర రోజులో, మూడు రోజులో పడుతుంది. అయినా కోర్సు తయారుచేసినప్పుడు ఓడే కావాలని పట్టుబట్టాం. దీవి గురించి మొదటి పాఠం దూరం. ఆ దూరం ఒంటికి తెలియాలి. విశాఖకూ పోర్ట్‌బ్లెయిర్‌కూ మధ్య సుమారు 1,200 కిలోమీటర్ల నీళ్లు. రేవు దాటాక కాకులు ఆగిపోయాయి. కొంతసేపు కొంగలు కనిపించాయి, ఆ తర్వాత అవీ లేవు. ఇక మిగిలింది ఓడ ముందు చెదిరి ఎగిరే చేపలే. డెక్కు మీద నిలబడ్డ ఒక అమ్మాయి ఏ పక్షి ఏ గంటకు కనబడటం మానేసిందో రాసుకుంటూ వచ్చింది. ఆ పేజీ చూపించి అడిగాను, ఇంత నీటిని ఏవేవి దాటగలవని. గబ్బిలం దాటగలదు. గాలికి కొట్టుకొచ్చే విత్తనం, ఉప్పునీళ్లలో తేలే కొబ్బరికాయ, దుంగ మీద ప్రాణాలు బిగపట్టుకున్న బల్లి దాటగలవు. పల్చని చర్మంలోంచి ఉప్పు లాగేసుకునే కప్పకు అది దాదాపు అసాధ్యం. జింకకు, పులికి మరీ కష్టం.

అండమాన్ దీవులు సముద్రం నడుమ ఊరికే పైకి తేలిన నేల కాదు. బర్మాలోని అరకాన్ కొండల వరస సముద్రంలోకి దిగి సుమత్రా దాకా సాగుతుంది. నీళ్లలో మునిగిన ఆ వరస శిఖరాలే ఈ దీవులు. ఉత్తరాన బర్మా కొన మన తీరం కంటే చాలా దగ్గర. అందుకే ఇక్కడి చెట్టూ పురుగూ మన తూర్పు కనుమల కంటే బర్మా అడవులకు దగ్గరి చుట్టాలు. జెండా మనది, జీవజాలం ఆగ్నేయాసియాది. పాఠ్యపుస్తకంలో ఒక్క వాక్యంగా దాటిపోయే ఈ సంగతి, ఓడ దిగి మొదటి చెట్టు కింద నిలబడగానే పిల్లలకు అనుభవంలోకి వచ్చింది. చదివిన చెట్ల పేర్లలో సగం పనికి రాలేదు.

పోర్ట్‌బ్లెయిర్ పేరు 2024లో శ్రీ విజయపురంగా మారింది. అక్కడి నుంచి నైరుతిగా 25, 30 కిలోమీటర్లు పోతే వండూర్. మద్రాస్ క్రొకడైల్ బ్యాంక్ ట్రస్ట్ 1990 ప్రాంతంలో నెలకొల్పిన అండమాన్ నికోబార్ ఎన్విరాన్‌మెంట్ టీమ్ క్షేత్ర కేంద్రం ఆ చుట్టుపక్కలే ఉంది. క్లుప్తంగా ఆనెట్ అంటారు. దీవుల మీద పరిశోధన చేసిన యువ శాస్త్రవేత్తల్లో చాలామంది ఏదో ఒక దశలో ఇక్కడ మకాం వేసినవాళ్లే. మా బస ఆ ఆవరణలో. పిల్లలు సామాను దించీ దించకముందే వంటగది గోడకు ఒక కాగితం అతికించాం. ఎవరు ఎన్ని బకెట్ల నీళ్లు వాడారో ప్రతిరోజూ ఎవరి గడిలో వాళ్లు గీత గీయాలి. వెంట తెచ్చుకున్న ప్లాస్టిక్ కవర్లూ సీసాలూ లెక్కపెట్టి సంచిలో వేయాలి, తిరుగు ప్రయాణంలో అన్నీ వెనక్కి రావాలి. ఏటా 3,000 మిల్లీమీటర్ల దాకా వాన పడే చోట నీళ్ల పొదుపు ఎందుకని మొదటిరోజు అడిగినవాళ్లున్నారు. పడ్డ వాన చిన్న దీవి వాలుల మీద నిలవదు, గబగబా సముద్రంలోకి జారిపోతుంది. జనవరి నుంచి ఏప్రిల్ దాకా చినుకు అరుదు. పోర్ట్‌బ్లెయిర్ తాగునీటికి ప్రధాన ఆధారం ధనీకారి జలాశయం. వేసవిలో అది అడుగంటితే పట్టణానికి రోజు విడిచి రోజు నీళ్లు రావడమే గగనం. కోవిడ్‌కు ముందు ఏటా సుమారు 5 లక్షల మంది పర్యాటకులు ఈ దీవులకు వచ్చేవారు. ఇక్కడి జనాభా 2011 లెక్కల్లో 3.8 లక్షలు. వచ్చేవాళ్లలో ఎక్కువమంది వచ్చేది చినుకు అరుదైన ఆ నెలల్లోనే. మేమూ అప్పుడే వెళ్లాం. అందుకే ఆ కాగితం.

మరునాడు పాటు మొదలయ్యే వేళకు తీరానికి చేరాం. పోటు దిగి నీళ్లు వెనక్కి తగ్గితే, అప్పటిదాకా సముద్రం అడుగున ఉన్న రాతి పలక బయటపడుతుంది. రోజులో కొద్ది గంటలే తెరిచి ఉండే ఆ పాఠశాలకు కరెన్ కుర్రాడొకడు మమ్మల్ని నడిపించాడు. 1925లో బర్మా నుంచి వచ్చి మధ్య అండమాన్‌లో స్థిరపడ్డ కరెన్‌లు అడవినీ సముద్రాన్నీ చదవడంలో దిట్టలు. పిల్లలు అతన్ని అన్నా అన్నారు. అతను హిందీలోనే మాట్లాడాడు. దీవుల్లో బెంగాలీకీ తమిళుడికీ తెలుగువాడికీ కరెన్‌కూ కలిసివచ్చే భాష అదే. మొదట చేసి చూపించింది ఒక రాయి తిప్పడం. మోకాళ్ల మీద కూర్చుని, అరచేయి పట్టేంత రాయిని సముద్రం వైపు వంచాడు. కింద సన్నని చేతులున్న బ్రిటిల్ స్టార్లు వెలుగు తగలగానే నీడ వైపు పాకాయి. నారింజ రంగు స్పాంజి పొర, వేలెడంత పీత, గుడ్లకు కాపలా కాస్తున్న చిన్న చేప. అన్నీ చూసి పేర్లు రాసుకున్నాక రాయిని ఎలా ఉన్నది అలాగే తిరిగి పెట్టాడు. “వెల్లకిలా వదిలేస్తే కిందివి ఎండకు చస్తాయి, పైవి చీకటికి చస్తాయి” అన్నాడు. ఆ రోజు ఎన్ని రాళ్లు తిప్పామో అన్నిటినీ తిరిగి సర్ది వచ్చాం. సంరక్షణ గురించి ఆ వారమంతా విన్న ఉపన్యాసాల కంటే ఆ వాక్యం పిల్లల్లో ఎక్కువ నిలిచింది.

వండూర్ తీరంలో ఇంకొక పాఠం నేల మీదే పడి ఉంది. సముద్రపు ఒడ్డున పెద్ద పెద్ద మానులు వేళ్లతో సహా కూలి, బూడిదరంగుకు తిరిగి కనిపిస్తాయి. 2004 డిసెంబర్ 26న సుమత్రా దగ్గర సముద్రగర్భంలో వచ్చిన భూకంపం సునామీని పంపడమే కాదు, ఈ దీవుల నేలనే కదిపింది. దక్షిణ అండమాన్ దాదాపు మీటరు కుంగింది. ఉత్తర అండమాన్ పడమటి తీరం కొన్నిచోట్ల మీటరుకు పైగా లేచింది. గ్రేట్ నికోబార్ చివర ఉన్న ఇందిరా పాయింట్ నాలుగు మీటర్లకు పైగా కిందికి పోయింది. కుంగినచోట ఉప్పునీరు పొలాల్లోకి వచ్చి నిలిచిపోయింది. లేచినచోట పగడపు దిబ్బలు నీటి పైకి తేలి ఎండలో చచ్చాయి. పోర్ట్‌బ్లెయిర్ నుంచి వచ్చే దారిలో సిప్పీఘాట్ దగ్గర ఆగితే ఇది కళ్లకు కడుతుంది. ఒకప్పుడు వరి పండిన మడులు ఇప్పుడు ఉప్పునీటి కయ్యలు.

అదే సిప్పీఘాట్‌లో పిల్లలు ఆశ్చర్యపడి చాలాసేపు నిలబడ్డది చచ్చిన వాటి ముందు కాదు, కొత్తగా వచ్చిన మడ మొక్కల ముందు. కొన్ని రకాల మడచెట్లకు విత్తనం తల్లి కొమ్మ మీదే మొలకెత్తుతుంది. మునక్కాయలా వేలాడే ఆ పచ్చని మొలక బరువెక్కి రాలి, పాటు సమయమైతే బురదలో నిటారుగా దిగబడుతుంది, పోటు అయితే తేలిపోయి వేరొక ఒడ్డు వెతుక్కుంటుంది. కాకినాడ నుంచి వచ్చిన అబ్బాయికి కోరింగ మడ అడవి ఇంటి వెనక పెరడంత పరిచయం. బురదలో మోకాలి లోతు దిగి, మొలకల ఎత్తు స్కేలుతో కొలుస్తూ, ఏ మొక్క ఎంత లోతు నీళ్లలో బతుకుతోందో వరసగా చెప్పుకుంటూ పోయాడు. సముద్రం కొత్తగా గీసిన గట్టుకు అడవి తనంతట తాను వచ్చి చేరుతోంది, ఎవరూ నాటకుండానే. మనం చేయవలసింది ఒక్కటే, ఆ చోటును మట్టితో పూడ్చి ప్లాట్లు వేయకుండా ఉండటం.

వండూర్ ఒడ్డు నుంచి మహాత్మాగాంధీ మెరైన్ నేషనల్ పార్క్ మొదలవుతుంది. 1983లో ఏర్పడిన ఈ పార్కులో 15 దీవులు, వాటి మధ్య పాయలు, మొత్తం 281.5 చదరపు కిలోమీటర్లు. పర్యాటకులకు జాలీబాయ్, రెడ్‌స్కిన్ దీవులను ఏడాదిలో వంతులవారీగా తెరుస్తారు. ఒకటి తెరిచి ఉంటే రెండోది ఊపిరి తీసుకుంటుంది. పడవ ఎక్కేముందు సంచులు తడిమి ప్లాస్టిక్ ఆపేస్తారు. దేశంలో ఎన్నో తీరాలు తిరిగాను, ఇంత సూటిగా అమలయ్యే నియమం అరుదుగా చూశాను.

పగడం కొలవడం ఓపిక పని. ఈత రానివాళ్లు ముందు లోతులేని నీళ్లలో మొహం ముంచి ఊపిరి పీల్చడం సాధన చేశారు. నల్లగొండ జిల్లా నుంచి వచ్చిన ఒక విద్యార్థికి సముద్రమే కొత్త. లైఫ్ జాకెట్‌తో తేలుతూ, చేపలు కనిపించిన సంతోషంలో గొట్టం నోట్లో ఉండగానే కేక వేశాడు. తర్వాత పని మొదలైంది. 50 మీటర్ల టేపు నీటి అడుగున పరిచి, ప్రతి అర మీటరుకూ టేపు కింద సరిగ్గా ఏముందో రాయాలి. బతికిన పగడమా, చచ్చిన పగడమా, విరిగిన ముక్కలా, ఇసుకా, నాచా. ప్లాస్టిక్ పలక మీద పెన్సిల్‌తో ఒకరు రాస్తే ఇంకొకరు చదువుతారు. అందమైన చేప ఎదురైనా టేపు వదలకూడదు. చూడ ముచ్చటైన చోటికి టేపును జరపకూడదు. మనసుకు నచ్చింది కాక ఉన్నది రాయడం, ఈ వయసు పిల్లలకు ఇంతకంటే మంచి శిక్షణ నాకు తెలియదు.

వాళ్లు రాసిన దాంట్లో చచ్చిన పగడం చాలా ఉంది. పగడం ఒక జంతువు. దాని కణజాలంలో కాపురముండే సూక్ష్మ శైవలం ఎండను ఆహారంగా మార్చి దానికి పెడుతుంది, రంగూ ఇస్తుంది. వేసవిలో మామూలుగా ఉండే గరిష్ఠ వేడి కంటే సముద్రం ఒక్క డిగ్రీ పెరిగి కొన్ని వారాలు అలాగే ఉంటే, ఆ శైవలం బయటికి పోతుంది. పగడం తెల్లబారుతుంది. నీళ్లు త్వరగా చల్లబడితే కోలుకుంటుంది, లేకపోతే ఆకలితో చస్తుంది. అండమాన్‌లో 1998లో, 2010లో, 2016లో ఇదే జరిగింది. 2010 ఏప్రిల్, మే నెలల దెబ్బ మరీ తీవ్రం. చచ్చిన కొమ్మల పగడాల మీద నాచు మేసే చిలకచేప పళ్లు రాతికి తగిలి కటకటమన్న చప్పుడు నీళ్లలో స్పష్టంగా వినిపిస్తుంది. ఆ చేప నాచును గీకి శుభ్రం చేస్తేనే కొత్త పగడపు పిల్ల అతుక్కోవడానికి చోటు దొరుకుతుంది. దాని కడుపులోంచి వచ్చే పొడే ఈ తీరాల తెల్లని ఇసుకలో చాలా భాగం. పడవలో వెనక్కి వస్తుంటే, ఆ చేపను వండిపెట్టే హోటళ్ల గురించి పిల్లలే వాదించుకున్నారు. నేను కల్పించుకోలేదు, అవసరం రాలేదు.

దీవులను చూసి పుట్టిన ఒక సిద్ధాంతం గురించి రాత్రుళ్లు మాట్లాడుకునేవాళ్లం. రాబర్ట్ మెక్ఆర్థర్, ఇ.ఓ. విల్సన్ 1967లో పుస్తకంగా తెచ్చిన దీవుల జీవభూగోళ సిద్ధాంతం సారాంశం సులువే. ఒక దీవిలో ఎన్ని జాతులుంటాయన్నది రెండు అంకెల మధ్య తూగు. కొత్తగా వచ్చి నిలదొక్కుకునేవి ఎన్ని, అంతరించిపోయేవి ఎన్ని. దూరం పెరిగితే వచ్చేవి తగ్గుతాయి. దీవి చిన్నదైతే పోయేవి పెరుగుతాయి. నార్కొండమ్ దీవి విస్తీర్ణం 7 చదరపు కిలోమీటర్లు కూడా లేదు. నార్కొండమ్ హార్న్‌బిల్ అనే పక్షికి లోకం మొత్తం మీద ఇల్లు అదొక్కటే. 2012లో అక్కడ రాడార్ కేంద్రం కట్టాలన్న ప్రతిపాదనను పర్యావరణ మంత్రిత్వ శాఖ తోసిపుచ్చింది. అంత చిన్న ఇంట్లో ఒక గది పోయినా ఆ పక్షికి పోవడానికి వేరే చోటు లేదు.

మనుషులు ఈ తూగులో చెయ్యి పెడితే ఏమవుతుందో చూడాలంటే పోర్ట్‌బ్లెయిర్ ఎదురుగా ఉన్న రాస్ దీవికి వెళ్లాలి. ఇప్పుడది నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్. అండమాన్‌లో సహజంగా జింకలు లేవు, వాటిని వేటాడే పెద్ద జంతువులూ లేవు. 20వ శతాబ్ది తొలి దశాబ్దాల్లో బ్రిటిష్‌వాళ్లు చుక్కల జింకలను తెచ్చి వదిలారు. అవి ఈదుకుంటూ దీవి నుంచి దీవికి పాకాయి. రాస్‌లో పాత బ్రిటిష్ కట్టడాలను మర్రి ఊడలు బిగించి పట్టుకున్న దృశ్యాన్ని అందరూ ఫొటో తీస్తారు. మా పిల్లలను నేల చూడమన్నాను. జింక మెడ చాచి అందుకోగలిగిన ఎత్తు దాకా పచ్చని ఆకు లేదు. పెద్ద చెట్లున్నాయి, వాటి పిల్ల మొక్కలు లేవు. తాతలు మాత్రమే మిగిలి పిల్లలు లేని ఊరు ఎంతకాలం ఊరుగా ఉంటుంది? ఉత్తరాన ఇంటర్‌వ్యూ దీవిలో కలప కంపెనీ 1962 ప్రాంతంలో మూతపడి దాదాపు 40 ఏనుగులను వదిలేసి వెళ్లింది. ఏనుగులు మానుల బెరడు ఒలిచి కూలిస్తే, ఆ ఖాళీలో మొలిచేదాన్ని జింకలు తినేస్తాయి. దీవుల పర్యావరణవేత్త రవూఫ్ అలీ ఏళ్ల తరబడి తిరిగి ఈ నష్టాన్ని నమోదు చేశారు.

జింకైనా పగలు కనిపిస్తుంది. బోదురుకప్పను రాత్రి టార్చి పట్టుకుని చేల గట్ల మీద వెతకాలి. గోదావరి చేలల్లో తొలకరికి బెకబెకలాడే బోదురుకప్పే అది. 2000 తర్వాత ప్రధాన భూభాగం నుంచి తెచ్చిన చేపపిల్లలతో పాటు దాని తోకకప్పలూ అండమాన్ చెరువుల్లోకి వచ్చాయి. మైక్రోహైలా చక్రపాణీ లాంటి చిన్న స్థానిక కప్పల తోకకప్పలు నాచూ నలకలూ తిని బతుకుతాయి. బోదురుకప్ప తోకకప్ప పక్క తోకకప్పనే మింగుతుంది. నీళ్ల తొట్టెల్లో రెంటినీ కలిపి పెట్టి చూసిన శాస్త్రవేత్తలకు స్థానిక కప్పల పిల్లల్లో బతికి బట్టకట్టినవి దొరకలేదు. తెల్లని గిన్నెలో ఒక తోకకప్పను పట్టి భూతద్దం కింద పెట్టాం. నల్లని కొమ్ము దవడలు, వాటి అంచున రంపపు పళ్లు. శ్రీకాకుళం అమ్మాయి అడిగింది, “సర్, మన ఊళ్లో ఇది రైతుకు మేలు చేస్తుందని చదివాం కదా, ఇక్కడికొచ్చేసరికి దోషి ఎలా అయింది?” దోషం కప్పది కాదు. మన చేలలో దాన్ని తినే పాములు, కొంగలు దానితో పాటే ఎదిగాయి. ఆ కాపలా లేని చోటికి తెచ్చి వదిలింది మనం. దీవికి ఏది తీసుకెళ్తున్నామో చూసుకోవడం, దీవిలో ఏముందో చూడటం కంటే ముందు రావాలి. మా చెప్పుల బురద, సంచుల అంచులు, గుడారపు మడతలు ఒక చోటి నుంచి ఇంకో చోటికి వెళ్లేముందు కడిగించింది అందుకే.

జంగ్లీఘాట్ చేపల రేవులో ఒక ఉదయం గడిపాం. అక్కడ వినిపించేది ఎక్కువగా తెలుగే, అదీ శ్రీకాకుళం యాసలో. డుంగీ పడవలోంచి ఐసు పెట్టెలు దించుతున్న ముసలాయన మా శ్రీకాకుళం అమ్మాయిని చూసి “ఏటమ్మా, ఏ ఊరు మీది?” అన్నాడు. సోంపేట దగ్గరని చెప్పగానే మనవరాలు దొరికినంత సంబరపడ్డాడు. “తాతా, మునుపటికీ ఇప్పటికీ చేపలో తేడా ఉందా?” అని అడిగిందామె. ఆయన చేత్తో కొలత చూపించి చెప్పాడు. ఎగుమతి మొదలయ్యాక గ్రూపర్ చేపకు గిరాకీ పెరిగింది. “కొన్ని తిథులకి అవి ఓ చోట గుంపు కడతాయమ్మా. అక్కడ గేలాలేస్తే పడవ నిండిపోద్ది. పైయేడు మరక్కడ సేపుండదు.” గుడ్లు పెట్టడానికి చేరిన గుంపును పట్టేస్తే తర్వాతి తరం ఉండదని శాస్త్రవేత్తలు రాసే మాటే అది. ఆ రేవులో అడిగేవాళ్లు ఉంటే చెప్పేవాళ్లకు కొదవ లేదు. దీవులను పరిశోధించడానికి దూరదేశాల నుంచి వస్తారు, ఈ మనుషుల భాష రాదు. మన విద్యార్థులకు ఆ భాష పుట్టుకతోనే వచ్చింది. ఈ సంగతిని మన విశ్వవిద్యాలయాలు ఇంకా గుర్తించవలసే ఉంది.

స్థానికులను పక్కన పెట్టి సంరక్షణ సాగదనడానికి ఈ దీవుల్లోనే గొప్ప రుజువుంది. గుహల్లో ఉమ్మితో గూడు కట్టుకునే చిన్న పక్షి, ఎడిబుల్ నెస్ట్ స్విఫ్ట్‌లెట్. ఆ గూడుతో చేసే సూపుకు చైనాలో ఎంతైనా పెడతారు. గుడ్లతో, పిల్లలతో సహా గూళ్లు పెరికేయడం వల్ల పక్షి కనుమరుగయ్యే స్థితి వచ్చింది. కోయంబత్తూరులోని సలీం అలీ కేంద్రానికి చెందిన రవి శంకరన్ గుహ గుహకూ వెళ్లి పక్షులను లెక్కించి, అటవీశాఖతో కలిసి ఒక మార్గం వేశారు. ఒకప్పుడు గూళ్లు తీసిన మనుషులకే గుహల కాపలా అప్పగించారు. ఏ గూట్లో ఎన్ని పిల్లలున్నాయో వాళ్లకంటే బాగా తెలిసినవాళ్లు లేరు. కాపలా ఉన్నచోట పక్షులు పెరిగాయి. 2009 జనవరిలో ఆయన అకాలంగా చనిపోయినా ఆ ఆలోచన నిలిచింది. పిల్లలకు ఈ కథ చెప్పినప్పుడు నేను గర్వంతోనే చెప్పాను.

చూడకుండా వదిలేయడమూ కోర్సులో భాగమే. జారవా ఆదివాసుల రిజర్వు గుండా పోయే అండమాన్ ట్రంక్ రోడ్డును ఆ మేర మూసేయాలని 2002లో సుప్రీంకోర్టు ఆదేశించింది. వాహనాలు కాన్వాయ్‌లుగా ఇంకా పోతూనే ఉన్నాయి. కిటికీలోంచి మనుషులను చూసి రావడానికి టికెట్లు కొనే యాత్రలున్నాయి. మేము ఆ దారి పట్టలేదు. అడవిలో తమ బతుకు తాము బతుకుతున్నవాళ్లు మన పాఠానికి సామగ్రి కారు. ఎందుకు వెళ్లడం లేదో పిల్లలకు వివరించడానికి ఒక సాయంత్రం కేటాయించాం. ఒక్కరూ మళ్లీ అడగలేదు.

అన్నిటికంటే గట్టిగా వాదన జరిగింది గ్రేట్ నికోబార్ గురించి. లెదర్‌బ్యాక్ తాబేలు లోకంలోకెల్లా పెద్ద సముద్ర తాబేలు. 2011 నుంచి 2014 మధ్య లిటిల్ అండమాన్‌లో గుడ్లు పెట్టిన పది తాబేళ్లకు ఉపగ్రహ పరికరాలు అమర్చితే, కొన్ని ఆస్ట్రేలియా పడమటి తీరం వైపు, కొన్ని ఆఫ్రికా వైపు ఈదాయి. ఒకటి 13,000 కిలోమీటర్లకు పైగా వెళ్లింది. అవి గుడ్లు పెట్టే ముఖ్యమైన తీరాల్లో గ్రేట్ నికోబార్‌లోని గలతియా అఖాతం ఒకటి. సునామీకి ఆ తీరం కొట్టుకుపోయింది, మెల్లగా ఇసుక తిరిగి చేరింది, తాబేళ్లూ తిరిగి వచ్చాయి. 2021లో దాని అభయారణ్యం హోదా తొలగించారు. ఓడరేవు, విమానాశ్రయం, పట్టణం, విద్యుత్ కేంద్రం కలిపిన ప్రాజెక్టుకు 2022లో పర్యావరణ అనుమతి వచ్చింది. సుమారు 130 చదరపు కిలోమీటర్ల అడవి పోతుంది.

మూలపేట ప్రాంతపు అబ్బాయి, తమ ఊళ్లో రేవు కడుతుంటే పని దొరుకుతుందని ఇంటింటా ఎదురుచూస్తున్నారని, దీవివాళ్లకు మాత్రం రేవు వద్దనడం న్యాయం కాదని అన్నాడు. నిజాయితీ ఉన్న వాదన. సోంపేట అమ్మాయి బదులు చెప్పింది. రేవుకు ఇంకో చోటు వెతకవచ్చు, గలతియాకు ఇంకో గలతియా లేదు. నా పక్షం నేను దాచలేదు. అక్కడ కొట్టేసే సతత హరిత వర్షారణ్యానికి పరిహారంగా మొక్కలు నాటడానికి హర్యానాను ఎంచుకున్నారు. ఓడలో వచ్చిన ఆ నీటి దూరాన్ని తలుచుకుంటే చాలు, అది ఎందుకు పరిహారం కాదో తెలుస్తుంది. దీవిలో పోయినదాన్ని దీవిలోనే పూడ్చాలి. వేల కిలోమీటర్ల అవతల నాటిన మొక్క ఆ ఖాతాలో జమ కాదు. ఇంకెక్కడా లేని జీవులు పోయాక జమ చేయడానికి ఏమీ మిగలదు కూడా.

తిరుగు ప్రయాణం ముందురోజు సంచులు తెరిచి అందరూ ఒకరివి ఒకరు చూశారు. చచ్చిన పగడపు ముక్క అయినా సరే, తీసుకెళ్లడం వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. దొరికిన ఒకటి రెండు గవ్వలు తీరానికి తిరిగి చేరాయి. నీళ్ల కాగితం మీద చివరి రోజుల గీతలు మొదటి రోజులకంటే తక్కువ ఉన్నాయి. కొలతలన్నీ శుభ్రంగా రాసి, టేపు పరిచిన చోటి గుర్తులతో సహా తర్వాతి బృందానికి వదిలాం. హిందీలో ఒకటి, తెలుగులో ఒకటి, రెండు పేజీల సారాంశం స్థానికులకు ఇచ్చాం. జంగ్లీఘాట్ తాతకు తెలుగు కాగితాన్ని మనవడెవరో చదివి వినిపించాడని తర్వాత తెలిసింది.

సంరక్షణ పేరుతో విద్యార్థులను దీవులకు తీసుకెళ్లే కార్యక్రమాలు ఇప్పుడు చాలా వచ్చాయి. రోజుకొక దీవి, రెండు మొక్కలు నాటిన ఫొటో, చివర ఒక సర్టిఫికెట్. అలాంటి యాత్ర దీవి నుంచి నీళ్లు తీసుకుని చెత్త ఇచ్చి వస్తుంది. మంచి కార్యక్రమాన్ని గుర్తుపట్టడం కష్టం కాదు. చిన్న బృందం, ఒకే చోట మకాం, ఏటా అదే గీత మీద అదే కొలత, స్థానికుడికి గురువు స్థానం, గురువుకు ఇచ్చే జీతం, ఫలితం అక్కడివాళ్ల భాషలో. ఇవి లేకపోతే ఎంత దూరం తీసుకెళ్లినా అది విహారమే.

మొదలు పెట్టడానికి అండమాన్ దాకా పోనక్కర్లేదు. కాకినాడ ఎదుట గోదావరి ఇసుకతో రెండు వందల ఏళ్లలో పేరుకున్న హోప్ ఐలాండ్ ఉంది. తుపానుకు అడ్డునిలిచి పట్టణాన్ని కాస్తుంది, ఆలివ్ రిడ్లే తాబేలుకు గుడ్లు పెట్టే చోటిస్తుంది. దాని వెనక కోరింగ మడ అడవి ఉంది. పులికాట్ సరస్సులో ఇరకం దీవి ఉంది. తీర జిల్లాల ప్రతి డిగ్రీ కాలేజీ వీటిలో ఒక చోటును ఎంచుకుని, ఏటా అదే నెలలో అదే గీత మీద మడ మొలకలను, తాబేలు గూళ్లను, ఒడ్డుకు చేరిన ప్లాస్టిక్‌ను లెక్కపెట్టాలని నా విన్నపం. పదేళ్లు అలా చేస్తే, తీరం మీద ఏ ప్రాజెక్టు వచ్చినా మాట్లాడటానికి మన చేతిలో మన పిల్లలు కొలిచిన అంకెలుంటాయి. మా కోర్సులో వచ్చే బృందం ఓడ ఎక్కేముందు కోరింగలో ఈ పని చేసి వస్తుంది. ఆ లెక్క చూపించినవాళ్లకే అండమాన్ టికెట్ ఇవ్వాలని తీర్మానించుకున్నాం.